కాటన్ దొర సమాధి లండన్‌లో లేదు

సంపాదకుడిగారికి నమస్కారం.

గోదావరి మీద ఆనకట్ట కట్టించిన కాటన్ దొర పుట్టినరోజు మే 15 వస్తే ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర ఆయన విగ్రహానికి దండలు పడతాయి. ఆ వారంలోనే ఇంకో రకం ఫొటో ఫోన్లలో తిరుగుతుంది. కోట్లు వేసుకున్న మనవాళ్లు నలుగురు ఒక సమాధి రాయి పక్కన నిలబడి ఉంటారు. కింద ‘లండన్‌లో కాటన్ సమాధికి నివాళి’ అని రాసి ఉంటుంది. ఆ ‘లండన్‌లో’ అన్న ఒక్క మాట వల్ల జరిగే నష్టం చిన్నది కాదు. పిల్లల్ని చూడడానికి గోదావరి జిల్లాల నుంచి వెళ్లిన పెద్దవాళ్లు, బిగ్‌బెన్ చూసి, లండన్ ఐ ఎక్కి, సాయంత్రం నాలుగింటికి ‘ఇక కాటన్ గారి దగ్గరికి వెళ్దాం’ అంటారు. అప్పుడు తెలుస్తుంది, అది లండన్‌లో లేదని. లండన్ నడిబొడ్డు నుంచి నైరుతిగా 34 కిలోమీటర్ల దూరంలో, సర్రీ కౌంటీలో, డార్కింగ్ అనే ఊళ్లో ఉందని.

డార్కింగ్ పాతకాలపు సంత ఊరు. పక్కన మోల్ అనే ఏరు, ఉత్తరాన బాక్స్ హిల్ అనే సుద్ద కొండ. మన వాళ్లలో వెళ్లినవాళ్లు కూడా చాలామంది కారు దిగి, దండ వేసి, ఫొటో తీసుకుని, ముప్పావు గంటలో తిరుగుదారి పడతారు. ఇది నాకు మింగుడుపడని విషయం. నీళ్ల మనిషిని చూడడానికి అంతదూరం వెళ్లి, ఆ ఊరి ఏటిని చూడకుండా రావడమేమిటి? ఆ ఊరికి ఒక పూర్తి రోజు ఇవ్వాలి, రైల్లో వెళ్లాలి, సమాధితో పాటు ఏటినీ చూడాలి. వెళ్లేవాళ్లకు పనికొచ్చే వివరాలు మీ పత్రికలో పడితే మంచిదని ఈ ఉత్తరం.

ముందు రైలు సంగతి. డార్కింగ్‌కు మూడు స్టేషన్లు ఉన్నాయి: డార్కింగ్, డార్కింగ్ డీప్‌డీన్, డార్కింగ్ వెస్ట్. లండన్ నుంచి వెళ్లేవాళ్లకు కావలసింది మొదటిది. వాటర్లూ నుంచీ, విక్టోరియా నుంచీ ఎప్సమ్, లెదర్‌హెడ్ మీదుగా నేరుగా రైళ్లు ఉన్నాయి. ప్రయాణం గంట లోపే. గాట్విక్ విమానాశ్రయం వైపు నుంచి వచ్చేవాళ్లు గ్రేట్ వెస్టర్న్ వారి రైలెక్కితే రెడ్‌హిల్, రెయ్‌గేట్ మీదుగా అరగంట అటూఇటూలో డీప్‌డీన్ స్టేషన్లో దిగుతారు. ఈ రెండు స్టేషన్ల మధ్య నడక అయిదు నిమిషాలే. కానీ డీప్‌డీన్ ప్లాట్‌ఫారం రోడ్డుకు ఎత్తున, కట్ట మీద ఉంటుంది. మెట్లు తప్పవు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, పెద్ద సూట్‌కేసులున్నవాళ్లు ఇది ముందే లెక్కలో వేసుకోవాలి.

టికెట్ దగ్గర అందరూ చేసే పొరపాటు ఆయిస్టర్ కార్డు. లండన్‌లో బస్సుకీ మెట్రోకీ అదే గీకుతూ అలవాటుపడి, వాటర్లూలోనూ అదే గీకి రైలెక్కేస్తారు. ఈ దారిలో ఆయిస్టర్ ఎప్సమ్ దాకానే చెల్లుతుంది. డార్కింగ్‌లో దిగి గేటు దగ్గర చూపిస్తే తెరుచుకోదు, పైగా జరిమానా. బయల్దేరేముందే మామూలు టికెట్ కొనుక్కోవాలి. వారం మధ్యలో అయితే ఉదయం ఆఫీసుల రద్దీ తగ్గాక ‘ఆఫ్-పీక్ డే రిటర్న్’ అడిగితే రానూపోనూ కలిపి చవగ్గా వస్తుంది. పెద్దవాళ్లు ముగ్గురు నుంచి తొమ్మిదిమంది దాకా కలిసి వెళ్తే ‘గ్రూప్‌సేవ్’ అని మూడోవంతు తగ్గింపు ఉంటుంది, దానికి ఏ కార్డూ అక్కర్లేదు, అడగడమే. అడక్కపోతే వాళ్లంతట వాళ్లు చెప్పరు. 60 దాటినవారికి ఏడాది చెల్లే సీనియర్ రైల్‌కార్డు ఉంది. మన పాస్‌పోర్టు చూపించి కూడా కొనుక్కోవచ్చు. నాలుగైదు ప్రయాణాలు చేసేవాళ్లకు దాని ఖరీదు తిరిగి వచ్చేస్తుంది. టికెట్ మీద ‘లండన్ టెర్మినల్స్’ అని ఉండి, ఫలానా కంపెనీ రైలుకే అన్న షరతు లేకపోతే, వాటర్లూ నుంచి వెళ్లి విక్టోరియాకు తిరిగి రావచ్చు.

తీరుబడి ఉన్నవాళ్లకు ఇంకో దారి ఉంది, దీన్ని ఎందుకో ఎవరూ చెప్పరు. కింగ్‌స్టన్ నుంచి 465 నంబరు ఎర్రబస్సు చెసింగ్టన్, లెదర్‌హెడ్ మీదుగా డార్కింగ్ దాకా వెళ్తుంది. అది లండన్ రవాణా సంస్థ బస్సే కాబట్టి ఆయిస్టర్ కార్డు చెల్లుతుంది, ఛార్జీ కూడా సిటీ బస్సు ఛార్జీయే. ఆలస్యం అవుతుంది, రైళ్లంత తరచుగానూ ఉండదు. కానీ ముందు సీట్లో కూర్చుంటే, లెదర్‌హెడ్ దాటాక కొండల మధ్య ఏరు కోసుకున్న సందులోంచి రోడ్డు ఎలా దూరుతుందో కళ్లకు కడుతుంది. పాపికొండలంత కాదనుకోండి.

కారులో వెళ్లేవాళ్లకు ఎం25 మీద 9వ జంక్షన్ దగ్గర దిగి ఏ24 పట్టుకోవడం సులువు. ఊళ్లో కార్ పార్కుల్లో డబ్బు కట్టేటప్పుడు బండి నంబరు టైపు చేయాలి. అద్దె కారు నంబరు ఎవరికీ గుర్తుండదు, ఒక్క అక్షరం తప్పినా వారం తర్వాత ఇంటికి జరిమానా కాగితం వస్తుంది. నంబరు ప్లేటుకు ముందే ఫొటో తీసి పెట్టుకోండి. లండన్‌లోని పాత డీజిల్ కారైతే యూలెజ్ అని పొగ ఎక్కువ వదిలే బండ్లకు అక్కడ వేసే రుసుము కూడా చూసుకోవాలి. డార్కింగ్ ఆ పరిధిలో లేదు గానీ వెళ్లే దారి ఉంది.

ఇక ఊళ్లో దారి. స్టేషన్ నుంచి ఏ24 పక్కనే దక్షిణంగా పది నిమిషాలు నడిస్తే పెద్ద రౌండ్‌అబౌట్ వస్తుంది. దాని నడుమ లోహంతో చేసిన కోడిపుంజు, పది అడుగుల ఎత్తున. 2007లో పెట్టారు. గుర్తుపెట్టుకోవలసింది ఇంతే: స్టేషన్ నుంచి వచ్చేవాళ్లకు పుంజు దగ్గర కుడికి తిరిగితే ఊరు, ఎడమకు తిరిగితే శ్మశానం. ఆ పుంజు ఉత్త అలంకారం కాదు. డార్కింగ్ పేరుతో ఒక కోడిజాతే ఉంది. మామూలు కోడికి కాలికి నాలుగు వేళ్లుంటే దీనికి అయిదు. అయిదువేళ్ల కోడిని గురించి రోమన్ రచయిత కాలమెల్లా దాదాపు రెండు వేల ఏళ్ల కిందటే రాశాడు. భీమవరం, అయినవిల్లి వైపు నుంచి వెళ్లినవాళ్లు అక్కడ ఆగి ‘ఇది డేగా, కాకిడేగా’ అని వాదించుకోవడం సహజం. వాదించుకోండి, కానీ ఫుట్‌పాత్ మీదే. దగ్గరగా ఫొటో కోసం రౌండ్‌అబౌట్ మీదికి పరిగెత్తొద్దు. అక్కడ బండ్లు ఆగవు. అప్పుడప్పుడు రాత్రికి రాత్రి ఎవరో దానికి అల్లిన టోపీలూ మఫ్లర్లూ తొడుగుతుంటారు, అదో సరదా వాళ్లకి.

ఎడమకు తిరిగితే రెయ్‌గేట్ రోడ్డు. స్టేషన్ నుంచి శ్మశానానికి మొత్తం ఇరవై, ఇరవై అయిదు నిమిషాల నడక. 1855లో తెరిచిన ఈ శ్మశానం చెట్లతో తోటలా ఉంటుంది. నవలాకారుడు జార్జ్ మెరెడిత్ కూడా ఇక్కడే ఉన్నాడు. చిక్కల్లా సమాధిని కనిపెట్టడంలోనే. వేల రాళ్లలో ఒక రాయి. కాటన్ గారిది కాబట్టి పెద్ద మండపమో, బోర్డులో బాణం గుర్తులో ఉంటాయని మనవాళ్లు అనుకుంటారు. గంటసేపు వెతికి, చీకటిపడి, ఏదో ఒక రాయికి దండం పెట్టి వచ్చినా ఆశ్చర్యం లేదు. శ్మశానం మోల్ వ్యాలీ జిల్లా కౌన్సిల్ నిర్వహణలో ఉంది. వెళ్లడానికి వారం ముందు కౌన్సిల్ శ్మశానాల విభాగానికి ఈమెయిల్ పంపి, ‘ఆర్థర్ థామస్ కాటన్, 1899 జూలై’ అని పేరూ ఏడూ ఇచ్చి, ప్లాట్ నంబరు, మ్యాప్ అడగాలి. ఇంటిపేరొక్కటే ఇస్తే సరిపోదు, కాటన్ అన్నది అక్కడ మామూలు ఇంటిపేరే. ‘సర్’ అనీ, ‘జనరల్’ అనీ బిరుదులు కలపడం కన్నా చనిపోయిన ఏడాది ఇవ్వడం ముఖ్యం, రిజిస్టర్లు తేదీల వారీగానే ఉంటాయి. గేట్లు తెరిచే వేళలు కాలాన్నిబట్టి మారతాయి. అవి కూడా అదే ఉత్తరంలో అడగండి. డిసెంబరులో అక్కడ నాలుగు గంటలకే పొద్దు గుంకుతుంది. జూన్‌లో రాత్రి తొమ్మిది దాటినా వెలుతురే.

అక్కడ చేయకూడనివి కొన్ని గట్టిగానే చెప్పాలి. భక్తి కొద్దీ మనవాళ్లు చేసేవాటిలో చాలా భాగం రాయికి చేటు. పసుపూ కుంకుమా పాతరాయి రంధ్రాల్లోకి దిగితే ఆ మరక వానకు పోదు. పాలు పోస్తే పులిసి వాసన, ఆపైన నాచు. నూనె దీపం జిడ్డు రాయిలోకి ఇంకి నల్లబడుతుంది, ఎండిన గడ్డిలో మంట అంటుకునే ప్రమాదం సరేసరి. కొబ్బరికాయ కొట్టడానికి పక్కనున్న రాయిని వాడారంటే అది ఇంకెవరిదో సమాధి అని మరిచిపోవద్దు. రాయి మీద బూడిదరంగు, పసుపురంగు మచ్చలు కనిపిస్తాయి. అవి మురికి కాదు, లైకెన్ అనే జీవులు. ‘దొరవారి సమాధిని శుభ్రం చేద్దాం’ అని ఇనుప బ్రష్షు, యాసిడ్, బ్లీచింగ్ పట్టుకెళ్లొద్దు. సున్నపురాయి, పాలరాయి అయితే యాసిడ్ పడగానే పైపొర కరిగి అక్షరాలు చెరిగిపోతాయి. వందేళ్ల వాన చెరపని అక్షరాల్ని ఒక్క సీసాతో చెరిపినట్టవుతుంది. అంతగా తుడవాలనిపిస్తే కౌన్సిల్ అనుమతితో, ఉత్త నీళ్లు, మెత్తటి కుంచె బ్రష్షు. అంతకుమించి వద్దు.

దండ వేయొచ్చు. నూలుదారంతో కట్టించండి. నైలాన్ దారం, జరీ, ప్లాస్టిక్ ఆకులు గడ్డికోసే యంత్రానికి చుట్టుకుని దాన్ని ఆపేస్తాయి, అక్కడి పనివాళ్లతో తిట్లు తినేది తర్వాత వచ్చే తెలుగువాళ్లు. బంతిపూల దండ కావాలంటే సౌతాల్‌లోనో ఈస్ట్‌హామ్‌లోనో ముందురోజే తీసుకోవాలి. డార్కింగ్‌లో దొరికేవి గులాబీలూ కార్నేషన్లూ. కడియం నుంచి పూలు సూట్‌కేసులో పెట్టుకుపోదామనుకోవద్దు. బయటిదేశాల నుంచి వచ్చే పూలకు, మొక్కలకు ఆరోగ్య ధ్రువపత్రం అడుగుతారు. మట్టిని అయితే రానివ్వనే రానివ్వరు. ‘ధవళేశ్వరం మట్టి సమాధి మీద చల్లుదాం’ అనే ఆలోచన విమానాశ్రయం దగ్గరే ఆగిపోతుంది. గోదావరి నీళ్లు ఒక చిన్న సీసాలో తీసుకెళ్లడం కుదురుతుంది, చేతిసంచిలో అయితే వంద మిల్లీలీటర్లు మించకూడదు. దాన్ని మాత్రం మోల్ ఏట్లో కలపకండి. వేరే నీళ్లలోంచి వచ్చే జీవులంటే అక్కడివాళ్లకు భయం, దానికి కారణమూ ఉంది. మన హిమాలయాల నుంచి 1839లో తోటల కోసం తెచ్చుకున్న హిమాలయన్ బాల్సమ్ అనే గులాబీపూల మొక్క ఇప్పుడు ఇంగ్లండ్ ఏటిగట్లన్నీ ఆక్రమించింది. మన కాలవల్లో గుర్రపుడెక్క ఎంతో, వాళ్లకు అదంత.

ఇరవైమందికి పైగా వెళ్లి సభ లాంటిది పెట్టేవాళ్లు కౌన్సిల్‌కు ముందే రాసి అనుమతి తీసుకోవాలి. మైకులు, డ్రోన్లు వద్దు. అదే వేళకు పక్కన అంత్యక్రియలు జరుగుతుంటే దూరంగా ఆగాలి. మే 15 వారం మధ్యలో పడిన ఏడు అసలు తేదీకే వెళ్లాలన్న పట్టుదల మంచిదే, ఆ రోజుల్లో శ్మశానం ప్రశాంతంగానూ ఉంటుంది. ఆయన ఇల్లు ఎక్కడని వీధుల్లో తలుపులు తట్టడం మాత్రం వద్దు. 1847 నుంచి 1852 దాకా ఆనకట్ట కట్టించి, 1861లో సర్ బిరుదు పొంది, ఆయన చివరి దశాబ్దాలు గడిపిన ఊరు ఇది. తోటలో నేలను లోతుగా తవ్వి గోధుమ పండిస్తే దిగుబడి ఎంత పెరుగుతుందో ముసలితనంలోనూ ప్రయోగాలు చేశాడు. కూతురు ఎలిజబెత్ ఈ ఊళ్లోనే 1870లలో కూలీనాలీ జనం సారా మానాలని కాఫీ గది నడిపింది. 96 ఏళ్లు బతికినవాడికి ఊరంతా జ్ఞాపకమే. ఇప్పుడా వీధుల్లో ఉన్నవి వేరేవాళ్ల కాపురాలు.

ఇక ఏరు. ఇక్కడ కాసేపు ఆగుతాను, ఎందుకంటే దీని గురించి మన వైపు ఒక్కరూ రాయరు.

మోల్ పొడవు 80 కిలోమీటర్లు. 1,465 కిలోమీటర్ల గోదావరి ముందు అది పంటబోదె. ఊరి నడిమధ్యలో పారదు. తూర్పునుంచి, ఉత్తరంగా ఊరిని చుట్టుకుని పోతుంది. కాబట్టి హై స్ట్రీట్‌లో నిలబడి ‘నది ఎక్కడ’ అని వెతక్కండి. శ్మశానం దాటి రెయ్‌గేట్ రోడ్డు మీదే ఇంకాస్త తూర్పుకు పోతే రోడ్డు ఏటిని దాటుతుంది. అక్కడే కాసిల్ మిల్ అనే పాత నీటిమర. ఇంగ్లండ్ ఏళ్ల నీటిమట్టాలు ప్రభుత్వ వెబ్‌సైట్లో ఎప్పటికప్పుడు కనిపిస్తాయి. మోల్‌కు ఈ కాసిల్ మిల్ ఒక కొలమానం. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులంటే మొదటి హెచ్చరిక, 13.75 అంటే రెండోది, 17.75 అంటే మూడోది అని నోటికి వచ్చినవాళ్లం మనం. ఆ అలవాటు ఇక్కడా పనికొస్తుంది. బయల్దేరే రోజు పొద్దున ఆ పేజీ తెరిచి, గీత పైకి పోతోందా కిందికి దిగుతోందా చూడండి. ఎందుకంటే ఈ ఏటి తత్వం వేరు.

పైన గాట్విక్ వైపు నేలంతా బంకమన్ను. వాన నీరు ఇంకదు, జారిపోతుంది. అందుకే రాత్రి గట్టి వాన పడితే తెల్లారేసరికి డార్కింగ్ దగ్గర ఏరు ఎర్రగా పొంగుతుంది. గాట్విక్ విమానాశ్రయంలో రన్‌వే కింద తూములోంచి పారేది ఈ ఏరే. 2013 క్రిస్మస్ ముందురోజు వరదకు అక్కడ కరెంటు పోయి విమానాలు ఆగిపోయాయి. అదే ఏరు డార్కింగ్ దాటగానే సుద్దకొండలో అడుగుపెడుతుంది. సుద్ద అంటే బడిలో బోర్డు మీద రాసే సుద్దలాంటి మెత్తటి తెల్లరాయి. నీళ్లను స్పాంజిలా పీల్చుకుంటుంది. ఏటి అడుగునా గట్టునా బొరియలున్నాయి, నీరు వాటిలోకి దిగి నేల లోపలి నుంచి నడిచి లెదర్‌హెడ్ దగ్గర మళ్లీ పైకి వస్తుంది. వానల్లేని ఎండాకాలంలో కొన్ని కిలోమీటర్ల మేర ఏరే కనిపించదు, మడుగులూ రాళ్లూ మిగులుతాయి. మోల్ అంటే ఇంగ్లీషులో మన పందికొక్కులా నేల తవ్వుకుపోయే జంతువు. ఏటికి ఆ పేరు అందుకే వచ్చిందని జనం చెప్పుకుంటారు. పేర్ల చరిత్ర చూసేవాళ్లు ఒప్పుకోరు, ఏరు థేమ్స్ నదిలో కలిసే చోట ఉన్న మోల్సీ ఊరి పేరే దీనికి వచ్చిందంటారు. ఏది నిజమైనా, ఒకే ఏరు నాలుగు మైళ్లలో పొంగడమూ ఇంకిపోవడమూ రెండూ చేయడం నీటిపారుదల ఇంజనీరు కళ్లముందు రోజూ జరిగిందంటే మనకు అందులో ఏదో రుచి ఉంటుంది.

ఈ ఏటిని దాటడానికి బాక్స్ హిల్ కింద 17 అడుగురాళ్లు వరుసగా ఉన్నాయి. రెండో ప్రపంచయుద్ధంలో శత్రువులు దాటకుండా పాతవాటిని తీసేశారు. యుద్ధమయ్యాక హోంమంత్రి చూటర్ ఈడ్ సొంత ఖర్చుతో మళ్లీ వేయిస్తే, 1946లో ప్రధాని అట్లీ ప్రారంభించాడు. అవును, మరుసటి ఏడాది మన స్వాతంత్ర్యం బిల్లు తెచ్చిన అట్లీయే. శ్మశానం నుంచి ఇక్కడికి పిక్స్‌హామ్ లేన్ పట్టుకుని, ఆపైన ఏ24 పక్క కాలిబాటలో నడిస్తే ముప్పావు గంట పడుతుంది. రాళ్ల మధ్య దూరం పెద్దవాళ్లకు ఒక అంగ, పిల్లలకు గెంతు. చీర కట్టుకున్నవాళ్లు కుచ్చిళ్లు దోపుకోకుండా కాలు వేయొద్దు, రాయి అంచున తడిసిన కుచ్చిలి కాలికి చుట్టుకుంటే పడేది నీళ్లలోనే. నాచు రాయి నడిమధ్య కన్నా అంచుల్లో ఎక్కువ కాబట్టి పాదం నడుమ పెట్టాలి. ఎదురుగా ఎవరైనా వస్తుంటే ఈ గట్టునే ఆగాలి, మధ్యలో తప్పుకునే చోటు ఉండదు. రాళ్ల మీదుగా నీరు పోతుంటే సరే, ఎవరూ దిగరు. మోసం చేసేది రాళ్లు తేలి ఉండి నీళ్లు మాత్రం బురదరంగులో ఉన్న రోజు. లోతు తెలియదు, వడి తెలియదు. అలాంటప్పుడు కాస్త పక్కనే ఉన్న కాలివంతెన మీదుగా వెళ్లిపోవాలి. రెండు నిమిషాల చుట్టు, అంతే.

అవతలి గట్టు నుంచి బాక్స్ హిల్ పైకి 270కి పైగా మెట్లు. కొండ ఎత్తు 224 మీటర్లు. అన్నవరం ఘాట్ రోడ్డులా పైదాకా కార్లు పోయే దారి కూడా ఉంది, 2012 ఒలింపిక్స్ సైకిల్ పందెం ఆ వంకరదారిలోనే జరిగింది. ఇలాంటి చోట్లను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ వారి స్థలం. నడిచేవాళ్లకు టికెట్ లేదు, పార్కింగ్‌కే డబ్బు. పైన సాలమన్స్ స్మారకం దగ్గర నిలబడితే డార్కింగ్ ఊరంతా, సెయింట్ మార్టిన్ చర్చి 64 మీటర్ల శిఖరంతో సహా, కింద పరుచుకుని కనిపిస్తుంది. వాన పడిన మర్నాడు తడి సుద్ద సబ్బులా జారుతుంది. స్లిప్పర్లతో, నున్నటి బూట్లతో ఎక్కకండి. వేసవిలో గడ్డిలో కూర్చునేటప్పుడు ప్యాంటు మేజోళ్లలోకి దోపుకోవాలి. పొట్టి పిడుదులుంటాయి, వాటివల్ల వచ్చే లైమ్ జబ్బు సామాన్యమైంది కాదు. ఇంటికొచ్చాక మోకాళ్ల వెనక, చంకల్లో చూసుకోండి.

పులిహోర, దద్దోజనం డబ్బాలు తీసుకెళ్లేవాళ్లు తినవలసింది ఈ కొండ మీద, శ్మశానంలో కాదు. ఊళ్లో తినేవాళ్లకు రెండు మాటలు. అక్కడ ‘వెజిటేరియన్’ అంటే గుడ్డు ఉండొచ్చు, కేకుల్లో ఉంటుంది కూడా. గుడ్డు తిననివాళ్లు ‘నో ఎగ్’ అని విడిగా చెప్పాలి, లేదా ‘వీగన్’ అడగాలి. మధ్యాహ్నం రెండున్నర, మూడు దాటితే చాలా చోట్ల వంటిల్లు మూసేసి టీ, కేకులు మాత్రమే ఇస్తారు. కొండ దిగి నాలుగింటికి భోజనమంటే దొరకదు.

సంత శుక్రవారం, సెయింట్ మార్టిన్స్ వాక్ దగ్గర. రావులపాలెం అరటి మార్కెట్టో, కడియపులంక పూల మార్కెట్టో ఊహించుకుని వెళ్తే నిరాశే. కూరలు, పళ్లు, చేపలు, బట్టలు, కొద్దిపాటి దుకాణాలు. 13వ శతాబ్దం నుంచి ఇక్కడ సంత ఉందన్న మాటే దాని గొప్ప. హై స్ట్రీట్‌లో ఒకవైపు ఫుట్‌పాత్ రోడ్డుకన్నా బాగా ఎత్తున ఉంటుంది, చూసి దిగాలి. వెస్ట్ స్ట్రీట్ అంతా పాతసామాన్ల కొట్లు. ఇత్తడి, గడియారాలు, కుర్చీలు. మనవాళ్లకు అందులో ఆసక్తి లేకపోయినా ఆ వీధిలో ఒక ఇల్లు చూడదగ్గది. మేఫ్లవర్ అనే ఓడలో 1620లో అమెరికాలో స్థిరపడడానికి వెళ్లినవాళ్లలో ఒకడైన విలియం ముల్లిన్స్ ఇల్లు అది. చెప్పుల వ్యాపారి. ఓడలో 21 డజన్ల చెప్పులు, 13 జతల బూట్లు ఎక్కించుకుని వెళ్లాడని అతని వీలునామాలో ఉంది. ఏడాది తిరక్కుండానే అక్కడ చనిపోయాడు. డల్లాస్‌లో కొడుకు, లండన్‌లో కూతురు ఉన్న మన పెద్దలకు ఈ కథ వేరే చెప్పక్కర్లేదు.

అదే వీధిలో డార్కింగ్ మ్యూజియం ఉంది. వారంలో అన్ని రోజులూ తెరవరు. వెళ్లేముందు చూసుకోవాలి, కాటన్‌కు సంబంధించి ఏమున్నాయో ముందే రాసి అడగాలి. ఆదివారం పెద్ద దుకాణాలు ఆరు గంటలే తెరిచి ఉంటాయి, రైళ్లూ పలుచబడతాయి. నన్నడిగితే శుక్రవారం మేలు. సంత ఉంటుంది, శ్మశానంలో సందడి ఉండదు. పొద్దున పదిన్నరకు స్టేషన్లో దిగి, ముందు ఊరూ సంతా, పన్నెండింటికి భోజనం, ఒంటిగంటకు సమాధి, అక్కడి నుంచి ఏరు, రాళ్లు, ఓపిక ఉంటే కొండ. తిరుగుప్రయాణానికి డార్కింగ్ దాకా వెనక్కి నడవనక్కర్లేదు. రాళ్ల దగ్గరి నుంచి పావుగంటలో బాక్స్ హిల్ అండ్ వెస్ట్‌హంబుల్ స్టేషన్ వస్తుంది. ఏ24 రోడ్డును పైనుంచి దాటకండి, బర్‌ఫర్డ్ బ్రిడ్జి దగ్గర కిందినుంచి సబ్‌వే ఉంది. ఆదివారాల్లో ఆ రోడ్డు మీద మోటార్‌సైకిళ్ల జోరు చూస్తే ఎందుకంటున్నానో తెలుస్తుంది. ఆ చిన్న స్టేషన్లో అన్ని రైళ్లూ ఆగవు కాబట్టి రైలు టైము పొద్దున్నే ఫోన్లో చూసి పెట్టుకోండి. డార్కింగ్‌కు కొన్న రిటర్న్ టికెట్టే ఇక్కడి నుంచి వెనక్కి పనికొస్తుంది, ఇది అదే లైన్లో లండన్ వైపు తర్వాతి స్టేషన్.

చివరిగా మీకో విన్నపం. వచ్చే మే నెలలో ఆ ఫొటో వేసినప్పుడు కింద ‘లండన్‌లో’ అని కాకుండా ‘డార్కింగ్‌లో’ అని వేయించండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
ధవళేశ్వరం